వైన్‌లో నేల తేడా తెలియాలంటే ఏ రెండు సీసాలు కొనాలి?

అనంతపురం నుంచి బెంగళూరు ఉద్యోగాలకు పోయిన మన పిల్లలకు నంది కొండల దగ్గరి వైనరీ టూరు ఇప్పుడో ఆనవాయితీ అయిపోయింది. తిరిగొచ్చాక చెప్పే మాట కూడా దాదాపు ఒకటే: "ఎర్రనేల రుచి తెలుస్తాది అన్నా ఆ వైన్‌లో." గ్లాసు చేతిలో ఉన్నప్పుడు అక్కడ ఎవరో అన్న మాట అది, అలాగే మనసులో ఉండిపోతుంది. అందులో నిజం లేకపోలేదు. కానీ ఒక్క గ్లాసు తాగి నేల సంగతి తేల్చడం ఎవరి వల్లా కాదు. నేల తేడా తెలియాలంటే రెండు సీసాలు కావాలి. ఆ రెండింటి మధ్య నేల తప్ప మిగతావన్నీ, అంటే ద్రాక్ష రకం, చేసినవాళ్లు, పంట ఏడాది, నిల్వ పెట్టిన పీపా, వీలైనంత వరకు ఒకేలా ఉండాలి. అలాంటి జత దొరకడం కష్టం. అలా ఉన్నట్టు కనిపించే జతలు మాత్రం షాపు నిండా ఉంటాయి, మన డబ్బులు పోయేది అక్కడే.

తొందరలో ఉన్నవాళ్లకు ముందే చెప్పేస్తా. నేల కోసమే ఖర్చు పెడతామంటే ఒకే ఉత్పత్తిదారు చేసిన పెతి షాబ్లీ, షాబ్లీ అనే రెండు ఫ్రెంచి తెల్ల వైన్లు కొనండి. ఎర్ర వైనే కావాలంటే ఫ్రాన్స్‌లోనే బోజొలే ప్రాంతం నుంచి ఒక ఫ్లరీ, ఒక మోర్గాన్ (రెండూ ఊళ్ల పేర్లే). ఖర్చు తగ్గాలంటే నంది కొండలది ఒకటి, నాసిక్‌ది ఒకటి, రెండూ సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్షవి. అయితే ఈ మూడో జతలో మీకు తెలిసేది ఊరి తేడా, అందులో నేల వాటా తక్కువ. ఎందుకో కింద చెప్తాను. 21 ఏళ్లు నిండనివాళ్లు, అసలు తాగనివాళ్లు చివర్లో చీనీకాయల దగ్గరికి వెళ్లిపోవచ్చు. విషయం అక్కడ కూడా ఇదే.

నేల నుంచి పండుకు ఏం అందుతుంది

సున్నపురాయి నేలలో పండిన వైన్‌లో రాయి రుచి, గ్రానైట్ నేలలో పండినదానిలో గ్రానైట్ రుచి ఉంటుందని సీసాల వెనక రాస్తుంటారు. రాయికి రుచి ఉండదు. కడప బండ కడిగి నాలుక ఆనించి చూడండి, చల్లగా తగులుతుంది, అంతే. తీగ వేరు రాయిని తినదు. నీళ్లలో కరిగిన పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం లాంటి లవణాలను కొద్దికొద్దిగా పీలుస్తుంది. పులిసి వైన్ అయ్యేటప్పటికి అవి మిగిలేది మన నాలుక పట్టుకోలేనంత తక్కువ. బ్రిటన్‌లోని అబెరిస్ట్‌విత్ యూనివర్సిటీ భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ ఏళ్ల తరబడి చెప్తున్నది ఇదే: వైన్‌లో 'ఖనిజ రుచి' అనేది ఒక పోలిక, రాయి నుంచి నేరుగా వచ్చిన పదార్థం కాదు. చెకుముకి రాళ్లు రాపాడించినట్టు వచ్చే వాసన కూడా ఎక్కువగా వైన్ తయారయ్యేటప్పుడు పుట్టే గంధక సంయోగాలదే.

మరి తొలకరి వాసన? అది వైన్‌లో ఉంటే గొప్ప అనుకుంటారు చాలామంది. తొలి వాన పడ్డప్పుడు నేల నుంచి లేచే ఆ కమ్మని వాసనలో ముఖ్యమైన పదార్థం పేరు జియోస్మిన్. దాన్ని తయారుచేసేవి మట్టిలోని సూక్ష్మజీవులు. బీట్‌రూట్‌లో వచ్చే మట్టి వాసన కూడా అదే. వైన్‌లో జియోస్మిన్ వాసన కొట్టిందంటే బూజు పట్టిన పళ్లు తొట్టిలో పడ్డాయేమో అని తయారీదారు కంగారు పడతాడు, గర్వపడడు. కాబట్టి గ్లాసులో మట్టి వాసన వెతకడం మానేయండి.

నేల చేసే అసలు పని నీళ్లతో. వర్షం పడ్డాక ఎంతసేపు పదును పట్టి ఉంచుతుంది, ఎంత త్వరగా వదిలేస్తుంది, కాయ రంగు తిరిగే సమయానికి తీగకు ఎంత బెట్ట తగులుతుంది, తేల్చేది ఇవే. ఫ్రాన్స్‌లో బోర్డో అనే పేరున్న వైన్ సీమలో జెరార్ సెగాన్ అనే పరిశోధకుడు అక్కడి పేరున్న తోటల నేలలు తవ్వి చూసి చెప్పిందీ ఇదే. ఆ తోటల్లో రాళ్లగుట్ట నేలలూ ఉన్నాయి, బంకమట్టి నేలలూ ఉన్నాయి, సున్నపు నేలలూ ఉన్నాయి. వాటన్నిటిలో ఉమ్మడిగా ఉన్న గుణం ఒక్కటే: తీగకు నీళ్లు మరీ ఎక్కువా కాకుండా, మరీ ఎండగట్టకుండా, కొలిచినట్టు అందడం.

ఈ ముక్క ఫ్రాన్స్‌వాళ్లకు పరిశోధనలు చేస్తే గానీ తెలియలేదేమో గానీ, మన దగ్గర చీనీ తోట ఉన్న ఏ రైతునడిగినా చెప్తాడు. పూత కోసం చెట్లకు నీళ్లు ఆపి బెట్టకు వదిలినప్పుడు, తేలికపాటి ఎర్రనేలలో చెట్టు త్వరగా వాడుతుంది, నల్లరేగడిలో అదే చెట్టు ఇంకా చాలా రోజులు పచ్చగానే నిలబడుతుంది. రకమూ ఒకటే, ఎండా ఒకటే. తేడా అంతా కింద నేల ఎంత నీరు దాచుకుంది అన్నదే. ద్రాక్షలో ఆ బెట్ట సరిపడా తగిలితే కాయ చిన్నదిగా ఉంటుంది. కాయ చిన్నదైతే రసంతో పోలిస్తే తొక్క వాటా పెరుగుతుంది. ఎర్ర వైన్‌కు రంగు, వగరు వచ్చేది తొక్క నుంచి, గింజ నుంచి. నీళ్లు ఎక్కువైతే తీగ ఏపుగా పెరిగి ఆకులు గుత్తిని కప్పేస్తాయి. ఎండ తగలని సావిన్యాన్ కాయలో పచ్చి క్యాప్సికం వాసన ఎక్కువగా మిగిలిపోతుంది. ఇదిగో, నేల గ్లాసు దాకా వచ్చే దారి ఇది. చుట్టు దారే, కానీ నిజమైన దారి.

నేల లవణాలకు అసలు పాత్రే లేదని కాదు. పొటాషియం బాగా ఎక్కువున్న నేలలో పండిన ద్రాక్షరసంలో పులుపు చప్పబడుతుంది. నత్రజని మరీ తక్కువైతే పులియబెట్టే ఈస్ట్‌కు తిండి చాలదు, వాసనలు చెడతాయి. కానీ ఇవి కూడా రాయి రుచి చేసే పనులు కావు.

నంది, నాసిక్: అందుబాటులో ఉన్న జత

మనకు అన్నిటికంటే దగ్గరిది నంది కొండల ప్రాంతం. హిందూపురం నుంచి గౌరీబిదనూరు మీదుగా దొడ్డబళ్లాపురం దారి పట్టుకుంటే రెండు గంటల్లోపు తోటల దగ్గర ఉంటాం. అక్కడ కన్వల్ గ్రోవర్ 1988లో ఫ్రెంచి రకాలు నాటించిన తోటలే ఈరోజు గ్రోవర్ జంపా అనే వైన్ కంపెనీ. ఆ నేల మన అనంతపురం ఎర్రనేలకు దాయాదే. గ్రానైట్, నైస్ రాళ్లు చివికి వచ్చిన మట్టి, ఇనుము తుప్పుపట్టి వచ్చిన ఎరుపు, కింద గరుసు. నీళ్లు నిలవవు. తేడా ఎత్తులో ఉంది. అక్కడి తోటలు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటే అనంతపురం పట్టణం 350 మీటర్లు కూడా లేదు. రాత్రి చల్లబడకపోతే కాయలోని మాలిక్ ఆమ్లం ఖర్చయిపోతుంది, పులుపు లేని వైన్ చప్పగా సోలిపోతుంది. మన దగ్గర ద్రాక్ష తినడానికి పండినా, వైన్‌కు పేరు రాకపోవడానికి నేల కన్నా రాత్రుళ్ల వేడే పెద్ద కారణమని నా లెక్క.

నాసిక్ కథ వేరు. అది దక్కన్ బసాల్ట్, అంటే లావా రాయి. అది చివికి వచ్చేది నల్లరేగడి. నంద్యాల వైపు శనగ చేలు చూసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు: తడిస్తే ఉబ్బి బంకలా కాలికి పట్టుకుంటుంది, ఎండితే కాలు దిగేంత పగుళ్లిస్తుంది. అయితే నాసిక్‌లో తోటలన్నీ లోతు రేగడిలో లేవు, వాలుల మీద పలచని మురం నేలల్లోనూ ఉన్నాయి. మంచి తోటలు ఎక్కువగా ఆ పలచని నేలల్లోవే. సులా అనే కంపెనీ అక్కడ తన తొలి వైన్ చేసింది 2000లో, షెనిన్ బ్లాంక్ (ఇదీ తెల్ల ద్రాక్షే), సావిన్యాన్ బ్లాంక్‌లతో.

ఇప్పుడు ఈ రెండు ఊళ్ల సావిన్యాన్ బ్లాంక్‌లు పక్కపక్కన పోయండి. తేడా తెలియకుండా ఉండదు. కానీ దాన్ని 'ఎర్రనేల వర్సెస్ నల్లనేల' అని రాసుకోకండి. మధ్యలో ఇంకా చాలా ఉన్నాయి. ఒకటి 13 డిగ్రీల అక్షాంశం, ఇంకొకటి 20. నాసిక్‌లో చలికాలం నిజంగా చలికాలం. కోత నెలలు కలవకపోవచ్చు, చేసే చేతులు వేరు, ఈస్ట్ వేరు. అన్నిటికంటే ముఖ్యం, రెండు చోట్లా డ్రిప్ ఉంది. అనంతపురం జిల్లాలో డ్రిప్ గురించి ఎవరికి పాఠం చెప్పాలి? నీళ్లు గంటల లెక్కన పైపులో వదులుతున్నప్పుడు తీగకు బెట్ట ఎంత తగలాలో వాల్వ్ తిప్పే మనిషే తేలుస్తాడు. నేల గొంతు అక్కడ సగానికి సగం తగ్గిపోతుంది. ఫ్రాన్స్‌లో పేరున్న ప్రాంతాల తోటల్లో నీటి తడులపై గట్టి ఆంక్షలు ఉన్నాయి కాబట్టే అక్కడ నేల మాట వినపడుతుంది.

ఇంకొక సంగతి టూర్‌లలో చెప్పరు. మన దేశంలో చాలా తోటల్లో ద్రాక్ష తన సొంత వేరు మీద ఉండదు. టెక్సాస్ అడవి ద్రాక్ష జాతి నుంచి వచ్చిన డాగ్‌రిడ్జ్ లాంటి వేరుమూలం మీద అంటు కడతారు, ఎందుకంటే అది ఉప్పు నీటిని, కరువును తట్టుకుంటుంది. అది తీగను విపరీతంగా ఏపు పెంచుతుంది కూడా. నేలతో మాట్లాడేది ఆ వేరు, పైన ఉన్న షిరాజో సావిన్యానో కాదు. రెండు తోటల్లో వేరుమూలాలు వేరైతే మీరు పోలుస్తున్నది నేలలనా, వేర్లనా?

అయినా ఈ జత కొనొద్దని అనను. మొదటిసారి పోల్చి తాగేవాళ్లకు 'రెండు ఊళ్ల వైన్ రెండు రకాలుగా ఉంటుంది' అన్నది నోటితో తెలియడమే పెద్ద విషయం. ధర తక్కువ, తాజాగా ఉంటుంది, మూత తిప్పుడుదైతే కార్కు గొడవ కూడా లేదు. కొనేటప్పుడు సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి. గ్రోవర్‌కు 2012లో నాసిక్ వైపు కంపెనీతో విలీనం జరిగాక రెండు రాష్ట్రాల్లోనూ తోటలు, వైనరీలు ఉన్నాయి. పేరు చూసి నందిదే అనుకుంటే కుదరదు. షెనిన్‌తో ఈ పోలిక పెట్టకండి, కొన్నిట్లో తీపి మిగిల్చి ఉంటారు, ఆ తీపి నాలుకను పక్కదారి పట్టిస్తుంది.

ఎర్ర వైన్ అంటేనే ఇష్టమైతే కృస్మా తోటవాళ్ల కాబెర్నే సావిన్యాన్‌ను (ఇది ఎర్ర వైన్ ద్రాక్ష) ఒకసారి నంది వైపు కాబెర్నేతో పెట్టి చూడొచ్చు. తెలుగువాళ్లయిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు కొప్పళ జిల్లా హంపీ కొండల్లో పెట్టిన తోట అది. బళ్లారి దాటితే వచ్చే గ్రానైట్ గుండ్ల నేల. రెండూ గ్రానైట్ సీమలే కాబట్టి ఇక్కడ బయటపడేది ఎండ తేడా. నేల గురించి కాకపోయినా ఎండ ఏం చేస్తుందో చెప్పే జత. అది ముందు తెలిస్తేనే నేలను దాన్నుంచి విడదీయగలం.

షాబ్లీ: ఖరీదైనా నేను ఓటేసేది దీనికే

షాబ్లీ అనేది ఫ్రాన్స్‌లో బర్గండీకి ఉత్తరపు కొసన, సెరాన్ అనే నది ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ ఆ పేరుతో అమ్మే వైన్లన్నీ ఒకే ద్రాక్ష, షార్డొనే. మామూలు స్థాయి సీసాల్లో చాలావరకు స్టీలు తొట్లలో చేసినవే, చెక్క పీపా వాసన అడ్డు రాదు. డ్రిప్ బెడద లేదు. ఇన్ని విషయాలు ఒకేలా ఉన్నాక మిగిలిందే చూడండి. వాలుల మీద ఉన్నది కిమ్మెరిడ్జియన్ అనే నేల: సున్నపురాయి, బంకమట్టి పొరలు పొరలుగా, మధ్యలో గోరంత ఆల్చిప్పల శిలాజాలు. సుమారు 15 కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు అడుగు అది. ఆ పేరు ఇంగ్లండ్ తీరంలోని కిమ్మెరిడ్జ్ అనే పల్లెది. ఆ వాలుల పైన పీఠభూమి మీద ఉన్నది పోర్ట్‌లాండియన్ సున్నపురాయి, దానికన్నా కొంచెం కుర్రది, గట్టిది, బంకమట్టి తక్కువ. 'షాబ్లీ' అని అమ్మేది ఎక్కువగా మొదటిదాని మీద, 'పెతి షాబ్లీ' అనేది ఎక్కువగా రెండోదాని మీద పండుతుంది. 1938లో షాబ్లీ పేరుకు హద్దులు గీసినప్పుడు ఈ రాయినే ఆధారం చేసుకున్నారు. తర్వాత 1970ల్లో హద్దులు పెంచాలా వద్దా అని అక్కడివాళ్లు రెండు వర్గాలై కొట్టుకున్నారు. రాయి కోసం వైన్ ఊళ్లలో కూడా గట్టు తగాదాలే!

రెండూ ఒకే ఉత్పత్తిదారువి, ఒకే ఏడాదివి తీసుకుని పోయండి. పెతి షాబ్లీలో పులుపు ముందుకొస్తుంది, నిమ్మ వాసన, గుక్క మింగగానే కథ అయిపోతుంది. షాబ్లీలో అదే పులుపు కింద కొంచెం బరువు ఉంటుంది, మింగాక కూడా నోట్లో కాసేపు నిలబడుతుంది. బంకమట్టి నీళ్లు పట్టి ఉంచి, ఎండాకాలం చివరిదాకా తీగకు కొద్దికొద్దిగా ఇస్తుంది, కాయ నిదానంగా, పూర్తిగా పండుతుంది. నేల పేరు చెప్పి నోట్లో చూపించగలిగే తేడా ఇంతకన్నా శుభ్రంగా దొరకదు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. పీఠభూమి మీద గాలి ఎక్కువ, చలి ఎక్కువ. నేలకు పూర్తి మార్కులు ఇవ్వకుండా కొన్ని గాలికి కూడా వేయండి.

డబ్బులున్నాయి కదా అని షాబ్లీ పక్కన గ్రాన్ క్రూ, అంటే అక్కడి అన్నిటికన్నా పై స్థాయి సీసా, పెట్టకండి. రెండూ కిమ్మెరిడ్జియన్ నేలలే. ఏడు గ్రాన్ క్రూలూ నైరుతికి తిరిగిన ఒకే కొండ వాలు మీద ఉన్నాయి, వాటిలో చాలావరకు పీపా కూడా కలుస్తుంది. అంత ఖర్చు పెట్టి నేర్చుకునేది ఎండా, చెక్కా. చవక జతే ఇక్కడ మంచి పంతులు.

మన వైపువాళ్లకు ఇక్కడ ఒక అనుమానం రావాలి. సున్నపురాయి అయితే మాకేం తక్కువ? యర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకున్నాయి, బేతంచెర్ల నాపరాళ్లు ఇంటింటా ఎందుకున్నాయి, బెలుం గుహలు దేంట్లో తొలిచాయి? నిజమే, కడప కర్నూలు బేసిన్‌లో సున్నపురాయి బాగానే ఉంది, వయసులో షాబ్లీకి ముత్తాతలకు ముత్తాత. ఎంత పాతదంటే, అది ఏర్పడేనాటికి చిప్ప ఉన్న జీవులే భూమ్మీద లేవు. అందుకే మన బండల్లో ఆల్చిప్పలు కనిపించవు. వేంపల్లె వైపు రాళ్లలో సూక్ష్మజీవుల చాపలు పొరలుగా గడ్డకట్టిన స్ట్రొమాటొలైట్లు మాత్రం ఉన్నాయి. కానీ రాయి పేరు ఒకటైనంత మాత్రాన వైన్ ఒకటి కాదు. షాబ్లీలో ఆ రాయి మెత్తటి బంకమట్టితో కలిసి నీళ్లు దాచుకుంటుంది. మన నాపరాయి పలకలుగా లేచే గట్టి రాయి, మీద జానెడు మట్టి ఉంటే గొప్ప. పైగా సున్నం ఎక్కువైన నేలలో చీనీ ఆకులు ఎలా పసుపు తిరుగుతాయో, ద్రాక్షకూ అదే జబ్బు, ఇనుము అందదు. ద్రాక్ష వేర్లను పాడుచేసే ఫిలాక్సెరా పురుగు దాడి తర్వాత ఫ్రాన్స్‌వాళ్లు అమెరికా వేరుమూలాలు తెచ్చుకున్నప్పుడు మొదట ఇదే దెబ్బ తగిలింది. ఆ వేర్లు సున్నపు నేలలో పాలిపోయాయి. టెక్సాస్ సున్నపు గుట్టల్లో పెరిగే బెర్లాండియరీ అనే అడవి జాతిని కలిపి 41బి లాంటి వేరుమూలాలు చేసుకున్నాకే షాంపేన్, కోన్యాక్ లాంటి సున్నపు సీమలు నిలబడ్డాయి.

ఎర్ర వైన్‌లో: బోజొలే

ఎర్ర వైన్లతో ఇబ్బంది ఏంటంటే చెక్క పీపా వాసన, మిశ్రమాలు, వగరు అన్నీ కలిసి నేలను కప్పేస్తాయి. బోజొలేలో ఆ గొడవ తక్కువ. అక్కడ ఉన్నది గామే అనే ఒక్క ద్రాక్ష. 1395లో బర్గండీ ప్రభువు ఫిలిప్ దాన్ని తన సీమ నుంచి పీకేయమని ఆజ్ఞ ఇచ్చాడు. దక్షిణాన ఉన్న ఈ గ్రానైట్ గుట్టల్లో అది బాగా కుదురుకుంది. బోజొలేకు పది ఊళ్ల పేర్లు ప్రత్యేకంగా ఉన్నాయి, వాటిలో రెండు తీసుకుంటున్నాం. ఫ్లరీ నేల లేత గులాబీ రంగు గ్రానైట్ చివికిన ఇసుక గరుసు, మన పెనుకొండ వైపు గుట్ట కింద చేలు గుర్తొస్తాయి. మోర్గాన్‌లో కోత్ ద్యు పీ అనే గుట్ట మీద నల్లటి నీలపు రాయి చివికి, కాస్త బంకమట్టి కలిసిన నేల. ఫ్లరీ పూల వాసనతో తేలిగ్గా జారుతుంది. మోర్గాన్ ముదురుగా, నేరేడు పళ్లు తిన్నాక నాలుక పట్టేసినట్టు చిన్న వగరుతో నిలబడుతుంది. సీసా మీద కోత్ ద్యు పీ అని ఉంటేనే తీసుకోండి, మోర్గాన్ ఊరంతా ఒకే నేల కాదు. ఇందులో కూడా తయారీదారు ఒకరే అయితేనే పోలికకు విలువ.

మిగతావి గబగబా చెప్తాను. బోర్డోలో నదికి ఎడమ ఒడ్డు గులకరాళ్లు, కుడి ఒడ్డు బంకమట్టి అని పుస్తకాల్లో మొదటి పేజీలోనే ఉంటుంది. కానీ ఎడమ ఒడ్డున కాబెర్నే ద్రాక్ష ఎక్కువ, కుడి ఒడ్డున మెర్లో ద్రాక్ష ఎక్కువ. ద్రాక్షే మారిపోయాక నేల ఎక్కడ కనపడుతుంది? వదిలేయండి. జర్మనీలో మోసెల్ నది వెంట పలకరాయి నేలల్లో రీస్లింగ్ ద్రాక్షతో చేసేవి అద్భుతమైన వైన్లే, కానీ తీపి ఒక్కో సీసాలో ఒక్కో రకం, మొదటి పోలికకు పనికిరావు. గ్రీసు ద్వీపం శాంటొరినిలో అగ్నిపర్వతపు బూడిద నేలలో పండే అసిర్టికో ద్రాక్ష వైన్ దొరికితే ఊరికే తాగండి, పక్కన పెట్టడానికి దానికి జతే లేదు.

ఒక ఉచ్చు మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. ఆస్ట్రేలియాతో 2022 చివర్లో అమల్లోకి వచ్చిన ఒప్పందం వల్ల, 150 శాతం ఉన్న సుంకం అక్కడి సీసాలపై ఒక ధర దాటినవాటికి కొంత తగ్గింది. అందుకని బెంగళూరులో చాలామంది అక్కడి పెన్‌ఫోల్డ్స్ కంపెనీ ఎర్ర వైన్లు బిన్ 28, బిన్ 128 పక్కపక్కన పెట్టి, రెండూ షిరాజ్ ద్రాక్షే కదా, 128 వచ్చే కూనవారా సీమ ఎర్రమట్టి తేడా చూద్దాం అంటారు. కూనవారా నేల నిజంగానే చూడదగ్గది, సున్నపురాయి మీద పలచని ఎర్రమట్టి దుప్పటి. కానీ బిన్ 128 నిల్వ ఉండేది ఫ్రెంచి ఓక్ పీపాల్లో, బిన్ 28 అమెరికా ఓక్ పీపాల్లో. పైగా 28 చాలా ప్రాంతాల ద్రాక్ష కలిపింది. అమెరికా ఓక్ ఇచ్చే కొబ్బరి, వెనిలా వాసనను మట్టికి కట్టబెట్టి ఇంటికొస్తారు.

ఇంట్లో పోల్చేటప్పుడు

ఎర్ర వైన్ గది వేడిలో తాగాలి అన్నది చలి దేశాల గది. ఏప్రిల్‌లో అనంతపురం గది అంటే ముప్పై దాటి ఉంటుంది, ఆ వేడిలో ఆల్కహాల్ ఒక్కటే ముక్కుకు కొడుతుంది. ఎర్రదాన్ని ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి 16 నుంచి 18 డిగ్రీల మధ్య తాగండి. తెల్లదాన్ని ఫ్రిజ్ నుంచి తీసి పది నిమిషాలు ఆగండి, మరీ చల్లగా ఉంటే రెండు సీసాలూ ఒకేలా అనిపిస్తాయి. రెండూ ఒకే చల్లదనంలో, ఒకే రకం గ్లాసుల్లో, ఒకే కొలతలో ఉండాలి. వేడి కారు డిక్కీలో హైవే మీద వచ్చిన సీసాతో పోలిక పెట్టొద్దు. కార్కు కొంచెం పైకి లేచి ఉన్నా, వాసన ఉడికిన జామ్‌లా వచ్చినా అది వేడికి పాడైన వైన్.

పోసే మనిషి వేరు, తాగే మనిషి వేరు అయితే మేలు. సీసాలకు పేపర్ చుట్టండి. మూడు గ్లాసులు పెట్టి, రెండింటిలో ఒకే వైన్, మూడోదానిలో రెండో వైన్ పోయమనండి. వేరేది ఏదో మీరు చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి కరెక్ట్ అవుతుంది కాబట్టి, గ్లాసులు మార్చి నాలుగైదు సార్లు చూడండి. వేరేది ఏదో పట్టుకోలేనివాళ్లకు నేల గురించి మాట్లాడే హక్కు ఆ రోజుకు లేదు, ఎంత గట్టిగా వాదించినా సరే. పట్టుకుంటే ఆ తర్వాత పులుపు ఎక్కడ తగిలింది, వగరు ఉందా, నోట్లో ఎంతసేపు నిలిచింది అని రాసుకోండి. పూలు, పళ్లు, తోలు లాంటి వాసనల పేర్లు ఆఖర్న.

ముందు ఉగ్గాని బజ్జీ తినకండి. కారం నోట్లో ఉంటే వగరు, ఆల్కహాల్ మంట రెండూ పెరుగుతాయి, పోలిక చెడుతుంది. ఉప్పులేని బిస్కెట్టు, నీళ్లు చాలు. పోలిక అయ్యాక మిగిలిన షాబ్లీని చేప వేపుడుతో లాగించేయొచ్చు. పక్క రాష్ట్రం నుంచి సీసాలు తెచ్చుకోవాలంటే ఎన్ని తేవచ్చో ఎక్సైజ్ నిబంధన ముందే చూసుకోండి, చెక్‌పోస్టు దగ్గర కాదు.

తాగని వాళ్లకు

చీనీకాయలతో ఇదే పని చేయొచ్చు. తెలిసిన రైతుల దగ్గర నుంచి ఒకే రకం, ఒకే వారంలో కోసిన కాయలు తీసుకోండి: ఒక బుట్ట ఎర్ర గరుసు నేలది, ఒక బుట్ట బరువైన నేలది. కోతకు ముందు చివరి తడి ఎప్పుడు ఇచ్చారో ఇద్దరినీ అడగండి, ఎందుకంటే ముందురోజు నీళ్లు పెట్టిన తోట కాయ రసం పలచబడి అందరినీ మోసం చేస్తుంది. కాయ సైజు చూడండి, తొక్క మందం వేలితో నొక్కి చూడండి, రసం తీసి మూడు గ్లాసుల్లో పోయండి. చక్కెర, ఉప్పు కలపొద్దు. ఏ గ్లాసు తియ్యన అన్నదానికన్నా, ఏ గ్లాసులో పులుపు, తీపి రెండూ కలిసి నిలబడ్డాయో చూడండి. అంగట్లో కలిపేసిన కాయలతో ఇది కుదరదు. మండీకి పోకముందే, తోట దగ్గరే తీసుకోవాలి.

వైన్ జతకు ఇప్పుడే డబ్బు పెట్టలేమనుకునేవాళ్లు నంది వైపు వైనరీలో టేస్టింగ్ బుక్ చేసుకోండి. ముందు ఫోన్ చేసి, ఒకే ద్రాక్షవి రెండు వేర్వేరు తోటలవి పోస్తారా అని అడగండి. పోయగలమంటే వెళ్లండి, వాళ్లు మామూలుగా పెట్టే ఐదు రకాల వరుసలో అన్నీ వేర్వేరు ద్రాక్షలే ఉంటే నేల సంగతి అక్కడ తేలదు. గుక్క నోట్లో తిప్పి ఉమ్మడానికి పాత్ర అడిగితే ఇస్తారు, మొహమాటపడక్కర్లేదు. తిరుగు ప్రయాణంలో బండి నడిపేవాళ్లు మాత్రం వాసన చూసి గ్లాసు పక్కన పెట్టేయాలి.